ఎవల్యూషన్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేయడం, మన లిపులతో పరీక్షించడం, ప్యాచ్ పంపడం: బరంపురం, పర్లాకిమిడి వైపు డెవలపర్లకు

మెయిల్, క్యాలెండర్, కాంటాక్ట్‌లు, టాస్క్‌లు, మెమోలు అన్నిటినీ ఒకే చోట చూపించే, గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌కి చెందిన ప్రోగ్రామ్ ఎవల్యూషన్. జిమియన్ కంపెనీ దీని 1.0 వెర్షన్‌ను 2001 డిసెంబర్‌లో విడుదల చేసింది. 2003లో నోవెల్ ఆ కంపెనీని కొన్నది. 2004లో గ్నోమ్ 2.8తో పాటు ఇది ఆ డెస్క్‌టాప్‌లో భాగమైంది. కోడ్ దాదాపు అంతా సీ భాషలో ఉంటుంది. పాతదే అయినా ఇప్పటికీ మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి కొత్త విడుదల వస్తూనే ఉంది.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఒకే అడ్రస్ బుక్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ పేర్లు కలిసి ఉండడం మామూలే. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో ఒడియా, బ్యాంకులో ఇంగ్లిష్. ఇలాంటి డేటా పడ్డప్పుడే మెయిల్ ప్రోగ్రామ్‌లోని బలహీనతలు బయటికొస్తాయి. ఇంగ్లిష్ ఒక్కటే వాడే డెవలపర్‌కి కొన్ని బగ్‌లు జీవితంలో కనబడవు, ఇక్కడివాళ్లకు మొదటి రోజే కనబడతాయి. అందుకే ఈ గైడ్‌లో బిల్డ్ సంగతి ఎంత ముఖ్యమో, లిపుల పరీక్ష కూడా అంతే ముఖ్యం.

కమాండ్లనూ వేరియబుల్ పేర్లనూ ఇక్కడ పలికినట్టే రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఏ కోడ్ ఎక్కడ ఉంటుంది

గ్నోమ్ కోడ్ ఉండే గిట్‌ల్యాబ్ సైట్‌లో మూడు రిపాజిటరీలు (కోడ్ నిల్వలు) చూడాలి. మొదటిది ఎవల్యూషన్ డేటా సర్వర్, అందరూ ఈడీఎస్ అంటారు. మెయిల్ లైబ్రరీ క్యామెల్, అడ్రస్ బుక్, క్యాలెండర్ బ్యాకెండ్‌లు, అకౌంట్ల రిజిస్ట్రీ ఇందులో ఉంటాయి. రెండోది ఎవల్యూషన్, అంటే కంటికి కనబడే భాగం. మూడోది ఎవల్యూషన్ ఈడబ్ల్యూఎస్, ఇది మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్ల కోసం. ఆఫీసులో ఎక్స్చేంజ్ లేకపోతే మూడోదాన్ని వదిలేయవచ్చు.

బగ్ ఏ రిపాజిటరీదో తేల్చడానికి ఒక సులువైన దారి ఉంది. గ్నోమ్ క్యాలెండర్, గ్నోమ్ కాంటాక్ట్స్ కూడా ఈడీఎస్ నుంచే డేటా తీసుకుంటాయి. ఎవల్యూషన్‌లో తప్పుగా కనబడిన సమావేశం గ్నోమ్ క్యాలెండర్‌లోనూ తప్పుగానే ఉంటే తప్పు ఈడీఎస్‌లోనో సర్వర్‌లోనో ఉన్నట్టు. అక్కడ సరిగ్గా ఉంటే ఎవల్యూషన్ కోడ్‌లో వెతకాలి. ఈ పని చేయకుండా కోడ్ తెరిస్తే రోజంతా తప్పు ఫోల్డర్‌లో తిరగాల్సి వస్తుంది.

బిల్డ్

బిల్డ్ అంటే సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం. ముందు డిపెండెన్సీలు, అంటే దానికి కావలసిన ఇతర లైబ్రరీలు. ఫెడోరాలో 'సుడో డీఎన్‌ఎఫ్ బిల్డ్‌డెప్' కమాండ్‌కి ఈడీఎస్, ఎవల్యూషన్ ప్యాకేజీల పేర్లు ఇస్తే చాలు. డెబియన్, ఉబుంటుల్లో 'ఆప్ట్ బిల్డ్-డెప్'. అయితే అంతకుముందు సోర్స్ ప్యాకేజీల లైన్ తెరవాలి. ఉబుంటు 24.04లో అది సోర్సెస్ ఫైల్‌లోని 'టైప్స్' లైన్‌లో 'డెబ్' పక్కన 'డెబ్-ఎస్‌ఆర్‌సీ' చేర్చడం. అది చేయకపోతే సోర్స్ యూఆర్‌ఐలు లేవంటూ కమాండ్ ఆగిపోతుంది. మెయిల్‌ను వెబ్ పేజీలా చూపే వెబ్‌కిట్ జీటీకే లైబ్రరీని మాత్రం సొంతంగా బిల్డ్ చేయవద్దు. మామూలు ల్యాప్‌టాప్ మెమరీ దానికి చాలదు. డిస్ట్రో (ఫెడోరా, ఉబుంటు లాంటి లినక్స్ రూపం) ఇచ్చిన ప్యాకేజీనే వాడండి.

క్లోన్ చేసేటప్పుడు, అంటే రిపాజిటరీని దించుకునేటప్పుడు, కొండ ప్రాంతాల్లో మొబైల్ డేటా మీద ఆధారపడేవాళ్లు 'డెప్త్ 1' ఆప్షన్ పెట్టుకుంటే చరిత్ర అంతా దిగదు. ఒక లైన్ ఎవరు, ఎందుకు మార్చారో చూడాలంటే మాత్రం చరిత్ర కావాలి. మంచి సిగ్నల్ ఉన్న చోట 'గిట్ ఫెచ్ అన్‌షాలో' ఇచ్చి పూర్తి చేసుకోండి.

ఈడీఎస్, ఎవల్యూషన్ రెండూ ఒకే సిరీస్‌వి కావాలి. వెర్షన్‌లో మొదటి చుక్క తర్వాతి భాగం సరి సంఖ్య అయితే స్థిరమైన విడుదల, బేసి అయితే అభివృద్ధిలో ఉన్నది. గ్నోమ్ 46తో వచ్చిన ఎవల్యూషన్ 3.52, ఉబుంటు 24.04లో ఉన్నదీ అదే. డెబియన్ 12లో 3.46 ఉంటుంది. పాత డిస్ట్రో మీద మాస్టర్ బ్రాంచ్ (తాజా కోడ్) బిల్డ్ చేయబోతే ఫలానా లైబ్రరీ కొత్తది కావాలని, బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్ ఆగిపోతుంది. అక్కడ లైబ్రరీలను ఒక్కొక్కటిగా సోర్స్ నుంచి ఎక్కించడం మొదలుపెడితే ఆ పనికి అంతం ఉండదు. ఫెడోరా తాజా విడుదలను కంటైనర్‌లో (మీ సిస్టమ్‌తో కలవకుండా విడిగా) పెట్టుకుని అందులో బిల్డ్ చేయడం మేలు.

ఇక కాన్ఫిగర్. రిపాజిటరీలో 'బిల్డ్' అనే డైరెక్టరీ చేసి, అందులోంచి సీమేక్‌ను నింజా జనరేటర్‌తో నడపండి, కంపైల్ పనిని నింజా చేయిస్తుంది. ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ మీ హోమ్‌లోనే ఒక ఫోల్డర్ ఇవ్వండి, 'ఈవో' అనే పేరు పెట్టారనుకుందాం. స్లాష్ యూఎస్‌ఆర్‌లో ఎక్కిస్తే డిస్ట్రో ప్యాకేజీలతో కలిసిపోతుంది, తర్వాత విడదీయడం కష్టం. బిల్డ్ టైప్ 'డీబగ్' పెట్టండి. ఈడీఎస్ ఇన్‌స్టాల్ అయ్యాకే ఎవల్యూషన్ మొదలుపెట్టాలి. ఎవల్యూషన్ సీమేక్‌కి కొత్త ఈడీఎస్ కనబడాలంటే 'పీకేజీ కాన్ఫిగ్ పాత్' వేరియబుల్‌లో ఈవోలోని పీకేజీకాన్ఫిగ్ డైరెక్టరీ ముందుండాలి. లేకపోతే అది డిస్ట్రోలోని పాత ఈడీఎస్‌ను పట్టుకుని, వెర్షన్ చాలదని ఆగుతుంది.

4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో నింజాకి 'జే 2' ఇవ్వండి. కరెంటు పోయినా భయం లేదు, నింజా ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఒక్క చిక్కుంది: కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైల్ సున్నా బైట్లతో మిగిలిపోవచ్చు. అప్పుడు ఫైల్ ఫార్మాట్ గుర్తించలేకపోతున్నానని లింకర్ అంటుంది. అది పేర్కొన్న ఆ ఒక్క ఫైల్ తీసేసి మళ్లీ నింజా నడపండి. మొత్తం బిల్డ్ డైరెక్టరీ చెరిపేయనక్కర్లేదు.

నడపడం: ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు

బిల్డ్ అయింది, నడిపారు, మీరు చేసిన మార్పు కనబడదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎవల్యూషన్ ఒక్క ప్రాసెస్ కాదు. దాని వెనక సోర్స్ రిజిస్ట్రీ, అడ్రస్‌బుక్ ఫ్యాక్టరీ, క్యాలెండర్ ఫ్యాక్టరీ, గుర్తు చేసే అలారం నోటిఫై అనే ప్రాసెస్‌లు డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా నడుస్తుంటాయి. లాగిన్ అయినప్పుడే డిస్ట్రో వాటిని లేపి ఉంచుతుంది. మీ కొత్త కిటికీ ఆ పాత ప్రాసెస్‌లతో మాట్లాడుతోంది.

దీనికి వేరే సెషన్ కావాలి. చిన్న షెల్ స్క్రిప్ట్ ఒకటి రాసుకోండి. అందులో 'పాత్', 'ఎల్‌డీ లైబ్రరీ పాత్', 'ఎక్స్‌డీజీ డేటా డిర్స్' మూడింట్లోనూ ఈవో డైరెక్టరీలను ముందు చేర్చండి. చేర్చండి అంటే పాత విలువ తీసేయమని కాదు. 'ఎక్స్‌డీజీ డేటా డిర్స్'లో స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ షేర్ పోతే ఐకాన్లన్నీ మాయమవుతాయి. ఈవోలోని షేర్ డైరెక్టరీ అందులో లేకపోతే సెట్టింగ్స్ స్కీమా ఇన్‌స్టాల్ కాలేదంటూ ప్రోగ్రామ్ వెంటనే పడిపోతుంది. చివరి లైన్‌లో 'డీబస్ రన్ సెషన్' తర్వాత ఎవల్యూషన్ పేరు ఉండాలి.

అదే స్క్రిప్ట్‌లో 'ఎక్స్‌డీజీ కాన్ఫిగ్ హోమ్', 'ఎక్స్‌డీజీ డేటా హోమ్', 'ఎక్స్‌డీజీ క్యాష్ హోమ్' మూడింటినీ ఖాళీ పరీక్ష ఫోల్డర్లకు మళ్లించండి. దీన్ని వదిలేయవద్దు. రెండు వేర్వేరు ఈడీఎస్‌లు ఒకే సమయంలో ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైళ్లు తెరిస్తే మీ అసలు మెయిల్ పాడుకావచ్చు. ఒకరి ఉద్యోగం, ఒక ఊరి సొసైటీ లెక్కలు ఆ మెయిల్‌లో ఉండవచ్చు. పరీక్ష డేటాకూ అసలు డేటాకూ మధ్య గోడ ఉండి తీరాలి. కొత్త సెషన్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్ కూడా కొత్తగా మొదలవుతుంది కాబట్టి పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. అది బగ్ కాదు.

ఈడీఎస్‌లో మార్పు చేసిన ప్రతిసారీ 'ఎవల్యూషన్ ఫోర్స్ షట్‌డౌన్' ఇచ్చి అన్ని ప్రాసెస్‌లనూ దించి మళ్లీ లేపండి. ఏ లైబ్రరీ వాడుతోందో అనుమానం వస్తే ఎవల్యూషన్ బైనరీ మీద 'ఎల్‌డీడీ' నడపండి. క్యామెల్ లైబ్రరీ పక్కన ఈవో దారి కనబడాలి.

ఇంటర్నెట్ లేకుండా పరీక్షించే సర్వర్

ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చదివే ప్రమాణం) కోసం డవ్‌కాట్, క్యాలెండర్, కాంటాక్ట్‌ల కోసం ర్యాడికేల్. రెండూ చిన్నవి, ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి. డవ్‌కాట్ మామూలుగా 143 పోర్టులోనూ, టీఎల్‌ఎస్‌తో 993లోనూ వింటుంది. ర్యాడికేల్‌ది 5232. సొంత సర్వర్ ఉంటే లైన్ పోయినా పని ఆగదు. అంతకన్నా పెద్ద లాభం, సర్వర్ వైపు ఏ బైట్లు చేరాయో మీరే ఫైల్ తెరిచి చూడవచ్చు. కింద చెప్పే పరీక్షలన్నిటికీ ఈ చూపు అవసరం.

లిపుల పరీక్ష

యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్య కోడ్‌పాయింట్, దాన్ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు, ఒడియా, దేవనాగరి కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. గుణింతం గుర్తు వేరే కోడ్‌పాయింట్, పొల్లు వేరే, సున్నా వేరే. 'బరంపురం' అంటే 7 కోడ్‌పాయింట్లు, 21 బైట్లు. 'పర్లాకిమిడి' 11, అంటే 33 బైట్లు. మెయిల్ ప్రమాణాలు రాసినవాళ్లు పరిమితులన్నీ బైట్లలోనే పెట్టారు కాబట్టి ఈ లెక్క కాగితం మీద రాసుకుని కూర్చోండి.

మొదట సబ్జెక్ట్ లైన్. ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే మెయిల్ ప్రమాణం ప్రకారం ఎన్‌కోడ్ చేసిన ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందు గుర్తుకు 10, వెనక గుర్తుకు 2 పోగా 63 మిగులుతాయి. 'బి' పద్ధతి, అంటే బేస్64 అయితే అందులో 60 వాడుకోవచ్చు: 45 బైట్లు, 15 కోడ్‌పాయింట్లు. 'క్యూ' పద్ధతిలో ఒక్కో కోడ్‌పాయింట్ 9 అక్షరాలు తింటుంది, కాబట్టి 7 మాత్రమే పడతాయి. 'బరంపురం' క్యూ పద్ధతిలో ఒక ముక్కను సరిగ్గా నింపేస్తుంది, 'పర్లాకిమిడి'కి రెండు ముక్కలు కావాలి. ఒక కోడ్‌పాయింట్‌ను రెండు ముక్కల మధ్య తెంచకూడదని ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. కాబట్టి 14, 15, 16 కోడ్‌పాయింట్ల సబ్జెక్ట్‌లు, 7, 8 కోడ్‌పాయింట్ల సబ్జెక్ట్‌లు విడివిడిగా పంపి, డవ్‌కాట్‌లో చేరిన ఫైల్‌ను చూడండి. తెగితే ఆ చోట నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనబడుతుంది. మూడు, నాలుగు ముక్కలయ్యేంత పొడవైన సబ్జెక్ట్ కూడా ఒకటి ఉండాలి. పక్కపక్క ముక్కల మధ్య ఖాళీని డీకోడ్ చేసేటప్పుడు తీసేయాలి, తీయకపోతే పదం మధ్యలో ఖాళీ వస్తుంది.

మెయిల్ ఒంటిలోనూ అదే లెక్క. వెయ్యి తెలుగు కోడ్‌పాయింట్లు 3,000 బైట్లు. బేస్64లో 4,000 అక్షరాలు అవుతాయి, 'క్యూ' లాంటిదే అయిన కోటెడ్ ప్రింటబుల్‌లో 9,000. తెలుగు ఎక్కువగా ఉన్న మెయిల్‌కి కోటెడ్ ప్రింటబుల్ ఎంచుకునే కోడ్ కనబడితే అది నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్ల మీద పడే భారం. బగ్‌గా రాయదగ్గ విషయమే.

క్యాలెండర్ ఫైల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రకారం లైన్‌ను 75 బైట్ల దగ్గర మడవాలి, అంటే తర్వాతి లైన్‌కి దించాలి. 'సమ్మరీ' అనే మాట, కోలన్ కలిపి 8 బైట్లు. మిగిలిన 67లో 22 తెలుగు కోడ్‌పాయింట్లు పడతాయి. గుడ్డిగా 75 దగ్గర కోసే కోడ్ 23వ దాన్ని ఒక బైట్ దగ్గర విరుస్తుంది. రాసే వైపు విరవకుండా చూడాలి. చదివే వైపు మాత్రం ముందు బైట్లను కలిపి, తర్వాతే యూటీఎఫ్-8గా చదవాలి, ఎందుకంటే వేరే ప్రోగ్రామ్‌లు విరిచి పంపవచ్చు. కావాలని విరిచిన ఐసీఎస్ (క్యాలెండర్) ఫైల్ ఒకటి చేతితో తయారు చేసి ఇంపోర్ట్ చేసి చూడండి.

ఫోల్డర్ పేర్లు మరో లోకం. ఐమ్యాప్ పాత ప్రమాణం వాటిని 'మార్చిన యూటీఎఫ్-7' అనే, ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతిలో పంపుతుంది. లాగ్‌లో తెలుగు ఫోల్డర్ పేరు ఆంపర్‌శాండ్, ఆ వెంటనే 'డి'తో మొదలవుతుంది. ఒడియా, మరాఠీ పేర్లయితే ఆంపర్‌శాండ్ తర్వాత 'సి'. లాగ్ చదివేటప్పుడు ఏ ఫోల్డర్ గురించి మాట్లాడుతోందో దీంతో తెలిసిపోతుంది. స్క్రీన్ మీద కూడా పేరు అలా ఆంపర్‌శాండ్‌తోనే కనబడితే డీకోడింగ్ ఎక్కడో జరగలేదన్నమాట.

వెతుకులాట ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది. ఒడిశా అనే పేరును ఒడియాలో రాసినప్పుడు అందులో కింద చుక్క ఉన్న డ వస్తుంది. యూనికోడ్‌లో దాన్ని ఒకే కోడ్‌పాయింట్‌గా రాయవచ్చు, డ తర్వాత నుక్తా చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి తేడా లేదు, బైట్లు వేరు. నార్మలైజ్ చేయకుండా, అంటే రెంటినీ ఒకే రూపంలోకి మార్చకుండా పోల్చితే రాష్ట్రం పేరే దొరకదు. తెలుగులో 'ఐ' గుణింతానికి కూడా ఇలాంటి రెండు రూపాలున్నాయి. గ్నోమ్ వాడే జీలిబ్ లైబ్రరీలోని నార్మలైజ్ ఫంక్షన్‌తో ఇవి రెండూ కలుస్తాయి. అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ మాత్రం దానితో పోదు. 'ఫైల్‌లో' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత ఆ కనబడని గుర్తు చాలామంది కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. వెతికేటప్పుడు దాన్ని పట్టించుకోకూడదు. చూపించేటప్పుడు తీసేయకూడదు, తీస్తే లకు ల ఒత్తు పడి వేరే మాట అవుతుంది.

పేర్ల సంగతి. టైప్ చేసిన పూర్తి పేరును ఈడీఎస్‌లో 'ఈనేమ్ వెస్టర్న్' అనే కోడ్ ముక్కలు చేస్తుంది. పేరులో చెప్పినట్టే అది పాశ్చాత్య పద్ధతి: చివరి మాటే ఇంటిపేరు. ఒడియావాళ్ల పేర్లకు ఇది సరిపోతుంది. తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు కాబట్టి రెండూ తారుమారవుతాయి. ఒకే అడ్రస్ బుక్‌లో రెండు రకాలూ ఉన్న మన దగ్గర దీన్ని యాంత్రికంగా సరిచేయడం కుదరదు. వాడుకరి ఎంచుకున్న 'ఫైల్ యాజ్' రూపం సింక్ తర్వాత కూడా మారకుండా ఉందా అన్నది పరీక్షించాలి. కాంటాక్ట్‌ను నిల్వ చేసే వీకార్డ్ ఫైల్‌లో అది 'ఎక్స్ ఎవల్యూషన్ ఫైల్ యాజ్' అనే లైన్. ర్యాడికేల్ ఫైల్‌లో చూడండి.

సమయం విషయంలో రెండు పరీక్షలు చాలు. రథయాత్ర సెలవును రోజంతా ఉండే ఈవెంట్‌గా పెట్టండి. అలాంటివి తేదీగా మాత్రమే నిల్వ ఉండాలి. ఎక్కడైనా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోకి మారిస్తే మన అర్ధరాత్రి ముందు రోజు 18:30 అవుతుంది, సెలవు ఒక రోజు వెనక్కి జరుగుతుంది. రెండోది, మూడు రోజుల ఈవెంట్‌లో ముగింపు తేదీ నాలుగో రోజుగా రాయాలి. ఆ తేదీ లెక్కలోకి రాదని ప్రమాణం చెబుతుంది. ఎక్స్చేంజ్ వాడేవాళ్లు 'ఇండియా స్టాండర్డ్ టైమ్', ఆసియా కోల్‌కతా, పాత పేరు ఆసియా కలకత్తా మూడూ ఒకే గంటను చూపుతున్నాయా కూడా చూడాలి.

చివరగా కంటితో చూసేది: మెసేజ్ లిస్ట్‌లో 'స్త్రీ', 'రాష్ట్రం' ఉన్న సబ్జెక్ట్‌లు పెట్టి ఒత్తుల కింది భాగం తెగుతోందేమో చూడండి.

కోడ్ రాసేటప్పుడు

'సింక్' అనే తోక ఉన్న ఫంక్షన్లు పని అయ్యేదాకా ఆగుతాయి. వాటిని కిటికీని నడిపే మెయిన్ థ్రెడ్‌లో పిలిస్తే కిటికీ బిగుసుకుపోతుంది. నెట్ బాగున్న చోట ఇది బయటపడదు, పర్లాకిమిడి దాటి కొండల్లోకి వెళ్తే వెంటనే తెలుస్తుంది. కిటికీలు, బటన్లు గీసే జీటీకే ఫంక్షన్లను మాత్రం మెయిన్ థ్రెడ్‌లోనే పిలవాలి. సర్వర్‌తో మాట్లాడే ప్రతి ఫంక్షన్‌కీ రద్దు సంకేతం మోసే క్యాన్సిలబుల్ అందించండి, లేకపోతే వాడుకరి రద్దు నొక్కినా పని ఆగదు.

వాక్యాన్ని కత్తిరించాలంటే బైట్ల లెక్కతో కోయవద్దు. జీలిబ్‌లోని యూటీఎఫ్-8 ఫంక్షన్లు కోడ్‌పాయింట్ మధ్యలో తెగకుండా కాపాడతాయి. అయినా 'క' తర్వాత గుణింతం విడిపోవచ్చు. స్క్రీన్ మీద చూపే చోట కత్తిరింపును అక్షరాలు పేర్చే ప్యాంగో లైబ్రరీకే వదిలేయడం క్షేమం.

శైలి చుట్టూ ఉన్న కోడ్‌ను బట్టి పోవాలి: ట్యాబ్ ఇండెంట్, ఫంక్షన్ పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య ఒక ఖాళీ, డెఫినిషన్‌లో ఒక్కో ఆర్గ్యుమెంట్ ఒక్కో లైన్‌లో. పూర్తిగా కొత్త సదుపాయమైతే 'మాడ్యూల్స్' డైరెక్టరీలో విడి మాడ్యూల్‌గా రాయడం మేలు. అందులోని 'ప్రిఫర్ ప్లెయిన్' మాడ్యూల్ చదివితే పద్ధతి అర్థమవుతుంది.

లాగ్‌లు, బ్యాక్‌ట్రేస్

ఐమ్యాప్ సంభాషణ చూడాలంటే 'క్యామెల్ డీబగ్' వేరియబుల్‌కి 'ఐమ్యాప్ఎక్స్ కోలన్ ఐఓ' ఇచ్చి నడపండి. క్యాలెండర్‌కి 'క్యాల్‌డావ్ డీబగ్ = ఆల్'. ఈ రెండోదాన్ని ఎవల్యూషన్‌కి కాదు, క్యాలెండర్ ఫ్యాక్టరీ ప్రాసెస్‌కి ఇవ్వాలి, సర్వర్‌తో మాట్లాడేది అదే. 'జీ డీబగ్'కి 'ఫేటల్ క్రిటికల్స్' ఇస్తే మొదటి 'క్రిటికల్' హెచ్చరిక దగ్గరే ఆగుతుంది, అక్కడ జీడీబీ అనే డీబగ్గర్‌తో అన్ని థ్రెడ్‌ల బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) తీయండి. ఒక్క థ్రెడ్‌ది సరిపోదు, కిటికీ బిగుసుకున్నప్పుడు అసలు దోషి వేరే థ్రెడ్‌లో ఉంటుంది. లాగ్ పంపేముందు మెయిల్ అడ్రస్‌లు, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయండి. మెసేజ్ పాఠమంతా ఆ లాగ్‌లో ఉంటుంది.

ప్యాచ్ పంపడం

ప్యాచ్ అంటే మీరు కోడ్‌లో చేసిన మార్పు. అది పంపేముందు ఇష్యూ, అంటే బగ్ నివేదిక తెరవండి. అందులో వెర్షన్, డిస్ట్రో, లొకేల్ (భాష సెట్టింగ్), ఏం చేస్తే ఏమవుతోంది, ఏమవ్వాలి అన్నవి ఉండాలి. తెలుగు, ఒడియా చదవలేని మెయింటెయినర్‌కి స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉపయోగపడదు. కోడ్‌పాయింట్ల హెక్స్ విలువలు, రావలసిన బైట్లు, వచ్చిన బైట్లు పక్కపక్కన రాయండి. చిన్న ఐసీఎస్ ఫైలో, మెయిల్ ఫైలో జతచేస్తే భాష తెలియనివాళ్లూ అదే బగ్‌ను చూడగలరు.

తర్వాత ఫోర్క్ (రిపాజిటరీకి మీ సొంత కాపీ), అందులో బ్రాంచ్, ఆపై మర్జ్ రిక్వెస్ట్ (మార్పును కలుపుకోమని అడగడం). కమిట్ శీర్షిక ఇంగ్లిష్ అక్షరం 'ఐ', హ్యాష్ గుర్తు, ఇష్యూ నంబర్, ఆపై ఒక్క లైన్ వివరణ. ఒక కమిట్‌లో ఒకే విషయం. దారిలో కనబడిన ఖాళీలు, ఇండెంట్లు సరిచేసి అందులో కలిపితే అసలు మార్పు మరుగున పడుతుంది. ఈడీఎస్‌లో పరీక్షలు కూడా ఉన్నాయి. మీ లెక్క ప్రకారం తెగే తెలుగు లైన్‌ను ఒక టెస్ట్‌గా చేర్చితే రేపు ఇంకొకరు ఆ కోడ్ మార్చినప్పుడు అది మళ్లీ విరగకుండా ఉంటుంది.

ఇంటర్‌ఫేస్ అనువాదం వేరే దారిలో, గ్నోమ్ వారి డ్యామ్డ్ లైస్ సైట్ ద్వారా సాగుతుంది. పీఓ (అనువాదాల) ఫైల్ దించుకుని, పని చేసి, అక్కడే ఎక్కించాలి. పంపేముందు 'ఎంఎస్‌జీఎఫ్‌ఎమ్‌టీ'ని 'సి' ఆప్షన్‌తో నడపండి, శాతం గుర్తుతో మొదలయ్యే స్థానాలు తప్పితే చెబుతుంది. మీటల కోసం వాడే అండర్‌స్కోర్‌ను తెలుగు అక్షరం ముందు పెడితే ఇంగ్లిష్ కీబోర్డ్ మీద నొక్కడానికి మీట ఉండదు. చివర బ్రాకెట్‌లో ఇంగ్లిష్ అక్షరం ఉంచి దాని ముందు పెట్టండి. విడుదలకు ముందు స్ట్రింగ్ ఫ్రీజ్ మొదలయ్యాక పాఠం మారదు. పెద్ద ఎత్తున అనువదించడానికి ఆ వారాలే అనువైనవి.